రెండో ప్లాట్ కొనేముందు మొదటిదాన్ని ఒకసారి వెళ్లి చూసి రండి

స్థలం, ఇల్లు, పొలం: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే సగానికి పైగా "ఇంకా ఏం కొనమంటారు" అనే. ఉన్నదాన్ని ఏం చెయ్యాలి అని అడిగినవాళ్లు బాగా తక్కువ. చాలామంది పేరు వద్దన్నారు కాబట్టి ఊరు, పని మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: సార్, కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ జాబ్, నెలకి చేతికి లక్షా నలభై వేలు వస్తుంది, 25 లక్షలు సేవింగ్స్ ఉన్నాయి. మా టీమ్‌లో ఇద్దరు ప్రీలాంచ్‌లో ఫ్లాట్లు తీసుకున్నారు, మార్కెట్లో కోటి ఉన్నది 60 లక్షలకే ఇస్తారంట, కానీ డబ్బు మొత్తం ఒకేసారి కట్టాలంట. పర్సనల్ లోన్ కలిపి కట్టేద్దామనుకుంటున్నా. ఐదేళ్లలో నాలుగైదు ప్రాపర్టీలు చెయ్యాలని నా ప్లాన్. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పర్సనల్ లోన్ అన్నారే, అక్కడే ఆగిపోండి. కోటి రూపాయల వస్తువు 60కి ఎందుకిస్తున్నాడో ముందు అది చూడాలి. పర్మిషన్ ఇంకా రాలేదు, పర్మిషన్ లేందే బ్యాంకు ప్రాజెక్టు లోన్ ఇవ్వదు, అవతల ల్యాండ్ ఓనర్‌కి అడ్వాన్సు కట్టాలి, అందుకని మీ దగ్గర తీసుకుంటున్నాడు. అంటే మీరు ఫ్లాట్ కొనట్లేదు, బ్యాంకు ఇవ్వనన్న అప్పు మీరిస్తున్నారు, అదీ ఏ తాకట్టూ లేకుండా.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లోనే వచ్చింది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరా నంబర్ రాకుండా అమ్మకూడదు, ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ పేరుతో రూపాయి తీసుకోకూడదు. నంబర్ వచ్చాక కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండా 10 శాతానికి మించి అడగడానికి లేదు. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే అకౌంట్లో ఉంచాలి. ప్రీలాంచ్‌లో ఈ మూడూ ఉండవు. "యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేస్తాం కదా సార్" అంటారు, యూడీఎస్ అంటే విడదీయని భూమిలో వాటా, ఐదెకరాల్లో ఎక్కడో తెలియని 40 గజాలు, మీతో పాటు ఇంకో కొన్ని వందల మంది ఓనర్లు. బిల్డింగ్ లేస్తే సరే, లేవకపోతే ఆ 40 గజాలకి ఫెన్సింగ్ వెయ్యలేరు, విడిగా అమ్మలేరు, అందర్నీ ఒకచోట కూర్చోబెట్టనూ లేరు.

మీ 25 లక్షలకి నేనైతే పదేళ్లలోపు కట్టిన, ఓసీ (కట్టడం పూర్తయ్యాక అందులో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) ఉన్న రీసేల్ ఫ్లాట్ 60 లక్షల లోపు చూస్తాను. ఓసీ వచ్చినదానికి జీఎస్టీ ఉండదు, కడుతున్నదానికి మామూలుగా 5 శాతం పడుతుంది. బ్యాంకు 80 శాతం దాకా ఇస్తుంది గానీ మీరు 45 లక్షలే తీసుకోండి. 15 చేతి నుంచి, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం లెక్కన నాలుగున్నర, బ్రోకర్, పెయింటింగ్ కలిపి ఓ లక్ష. ఇంకా నాలుగున్నర లక్షలు మిగులుతాయి, వాటిని ముట్టుకోకండి, జాబ్ పోయినప్పుడు ఈఎంఐ అందులోంచే కట్టాలి.

ఇంక "అద్దె వచ్చి ఈఎంఐ కట్టేస్తుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. 45 లక్షలకి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకి ఈఎంఐ 39 వేలు. ఆ ఫ్లాట్‌కి అద్దె 17 వేలొస్తుందనుకుందాం, ఏడాదికి రెండు లక్షల చిల్లర, అందులో ప్రాపర్టీ టాక్స్, రిపేర్లు, ఇల్లు ఖాళీగా ఉన్న నెల తీసేస్తే లక్షా డెబ్బై ఐదు వేలు మిగులుతుంది, అంటే పెట్టిన 60 లక్షల మీద మూడు శాతం కూడా లేదు. మీరు కట్టే వడ్డీ ఎనిమిదిన్నర. మధ్యలో ఉన్న తేడా అంతా మీ జీతం లోంచే పోతుంది, రేపు రేటు పెరిగితేనే తిరిగొస్తుంది. ఇలాంటివి ఐదేళ్లలో నాలుగైతే మీ జీతం ఎటూ చాలదు. ఒకటి కొనండి, మీరే అందులో ఉండండి, ఇప్పుడు కట్టే అద్దె మిగులుతుంది. రెండోదాని సంగతి లోన్ సగానికి వచ్చాక రాయండి.

ప్రశ్న: నమస్తే సార్. మేమిద్దరం గవర్నమెంట్ టీచర్లం. చిట్టీ ఎత్తినప్పుడల్లా ఒక ప్లాట్ అని 2009 నుంచి నాలుగు కొన్నాం, నాలుగూ నాలుగు వెంచర్లలో. ఇప్పుడు పాప మెడిసిన్ ఫీజుకి ఒకటి అమ్ముదామంటే ఏడాదిగా ఒక్కరూ అడగట్లేదు. అందులో ఒకటి ఎక్కడుందో మావారికి కూడా సరిగ్గా గుర్తు లేదు. – ఉపాధ్యాయిని, కరీంనగర్ జిల్లా

జవాబు: మేడం, నాలుగు ప్లాట్లున్నా అవసరానికి చేతిలో డబ్బు లేదు, మీలాంటి ఇళ్లు మన దగ్గర వీధికొకటి ఉంటాయి. వచ్చే ఆదివారం స్కూల్ పని ఏదీ పెట్టుకోకుండా ఇద్దరూ కలిసి నాలుగూ చూసి రండి. డాక్యుమెంట్ జిరాక్స్, లేఅవుట్ కాపీ, వంద అడుగుల టేపు తీసుకెళ్లండి. అక్కడికి పోయేసరికి ఎలా ఉంటుందో చెప్తాను. సర్కారు తుమ్మ మొలిచి ఉంటుంది, నంబర్ రాసిన రాళ్లు సగం ఉండవు, 30 అడుగుల రోడ్డు అని లేఅవుట్‌లో ఉన్నచోట పక్క రైతు మొక్కజొన్న వేసి ఉంటాడు. కంగారు పడొద్దు. వెంచర్‌లో ఎవరో ఒకరు ఇల్లు కట్టే ఉంటారు, వాళ్ల ప్లాట్ నంబర్ అడిగి అక్కడ్నుంచి లెక్క పెట్టుకుంటూ రండి. సుమారుగా దొరికాక లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ని పిలిచి హద్దులు పెట్టించండి, నాలుగు మూలలా రాతి కడీలు పాతించి ఫొటోలు తీసి పెట్టుకోండి. కొనడానికొచ్చినవాడికి "ఇదిగో ఇక్కడ్నుంచి అక్కడిదాకా" అని చూపించలేని ప్లాట్‌కి బయానా ఎవరూ ఇవ్వరు.

తర్వాత ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. మీ ప్లాట్లకి మీరే ఈసీ తీసుకోండి, మీరు కొన్నాక అదే నంబర్ ఇంకొకరికి రిజిస్టర్ అయ్యిందేమో తెలుస్తుంది. పనిలో పనిగా అటు పక్క, ఇటు పక్క ప్లాట్లవి కూడా తియ్యండి. ఎందుకంటే మీ ప్లాట్ కొనడానికి అందరికంటే ఎక్కువ ఆశ ఉండేది పక్క ప్లాటాయనకే, 200 గజాలు 400 అవుతుంది, ఆయన పేరు ఆ ఈసీలోనే దొరుకుతుంది. బ్రోకర్లు ఈ పని చెయ్యరు, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

లేఅవుట్ ఎవరిచ్చారో చూడండి. డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) గానీ మీ వైపు సుడా (శాతవాహన పట్టణాభివృద్ధి సంస్థ) గానీ అప్రూవ్ చేసినదైతే ఇబ్బంది లేదు. సర్పంచ్ సంతకంతో వచ్చిన పంచాయతీ లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్ కావాలి, అంటే ఫీజు కట్టి ప్లాట్‌ని రెగ్యులరైజ్ చేయించుకోవాలి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి అప్లికేషన్ పెట్టారేమో ఆ రసీదు వెతకండి, 2025లో వాటికి 25 శాతం రిబేట్ ఇచ్చి చాలామందివి క్లియర్ చేశారు. వెంచర్‌లో పార్కుకని 10 శాతం వదలకపోతే ప్లాట్ విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అదనంగా పడుతుంది, బేరమాడేటప్పుడు కొనేవాడు అది తగ్గించే అడుగుతాడు, మీరూ ఆ లెక్కతోనే కూర్చోండి.

రేటు విషయంలో ఒక మాట. ఆ వెంచర్ కంపెనీవాళ్లు ఫేజ్ టూ ఎంతకి అమ్ముతున్నారో అది మీ రేటు కాదు, అందులో ఏజెంట్ల కమిషన్లు, బస్సులు, భోజనాలు అన్నీ ఉన్నాయి. రీసేల్‌లో చివరిసారి ఎంతకి పోయిందో అదే మీ రేటు. 2009లో లక్ష పెట్టింది పదహారేళ్లకి మూడు లక్షలైతే ఏడాదికి ఏడు శాతం పడినట్టు, పోస్టాఫీసులో వేసినా దాదాపు అంతే వచ్చేది. బాధగానే ఉంటుంది, కానీ ఆ లెక్క ఒకసారి నాలుగింటికీ వేసి చూస్తే ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో మీకే తెలిసిపోతుంది.

ఫీజు గడువు దగ్గరుంటే తొందరలో ఉన్నవాటిలో మంచిదే పోతుంది, అదే నా భయం. మొదటి ఏడాదికి ఎడ్యుకేషన్ లోన్ తీసుకోండి, ఆ టైమ్‌లో నాలుగింట్లో అన్నిటికంటే డొక్కుదాన్ని అమ్ముకోవచ్చు.

ప్రశ్న: 200 గజాల ప్లాట్ బేరం కుదిరింది, గజం 28 వేలు. ఓనర్ గారు రిజిస్ట్రేషన్ 9 వేల లెక్కన చేద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి, మీకు స్టాంపు డ్యూటీ మిగులుతుంది అంటున్నారు. అందరూ ఇలాగే చేస్తారంట కదా. – హార్డ్‌వేర్ షాపు యజమాని, రాజమండ్రి

జవాబు: అందరూ చేస్తారు, నిజమే, లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. వేద్దాం. మొత్తం 56 లక్షలు, డాక్యుమెంట్లో 18, క్యాష్ 38. ఆ 38 మీద మీకు మిగిలే రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 2 లక్షల 85 వేలు. బాగుంది. రెండేళ్లు దాటాక మీరు 70 లక్షలకి అమ్మారనుకోండి, కొనేవాడు లోన్ మీద కొంటున్నాడు కాబట్టి మొత్తం వైట్‌లోనే ఇస్తానన్నాడు. అప్పుడు కాగితం ప్రకారం మీ లాభం 14 లక్షలు కాదు, 52 లక్షలు. పన్నెండున్నర శాతం టాక్స్ అంటే ఆరున్నర లక్షలు, నిజంగా రాసుకుని ఉంటే లక్షా డెబ్బై ఐదు వేలతో పోయేది. 2.85 మిగుల్చుకోబోయి 4.75 పోగొట్టుకున్నట్టు. లాభమంతా ఆ ఓనర్ గారిది, టాక్స్ భారం ఆయన నెత్తి మీంచి మీ నెత్తి మీదకి వచ్చింది.

ఇంకొకటి, స్థలాల లావాదేవీల్లో 20 వేలు, ఆ పైన క్యాష్‌గా తీసుకోకూడదు, తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ వెయ్యొచ్చు. ఇచ్చిన మిమ్మల్ని ఆ 38 లక్షలు ఎక్కడివి అని అడుగుతారు. బేరం రేపు చెడితే బయానా కింద ఇచ్చిన క్యాష్‌కి సాక్ష్యం ఏముంటుంది? ఆయనకి చెప్పండి, అంతా వైట్‌లో అయితే గజానికి ఇంకో రెండు మూడు వందలు కలుపుతానని, చాలాసార్లు ఒప్పుకుంటారు. 50 లక్షలు, అంతకు మించిన డాక్యుమెంట్ అయితే ఒక శాతం టీడీఎస్ మీరు కట్ చేసి కట్టాలి, అది మర్చిపోతే నోటీసు మీకే వస్తుంది, ఆయనకి కాదు.

ప్రశ్న: ఈసీ తీస్తే నిల్ వచ్చింది. ఇంక టైటిల్ క్లియర్ అనుకోవచ్చా? లాయర్ ఒపీనియన్‌కి పదివేలు అడుగుతున్నారు, అవసరమా? – ప్రైవేట్ ఉద్యోగి, ఖమ్మం

జవాబు: అవసరమే. యాభై లక్షల వస్తువుకి పదివేలు దండగ అనుకుంటే, రేపు అదే ఇంటికి ఇంటీరియర్ డిజైనర్‌కిచ్చే ఇరవై వేలని ఏమనాలి?

ఈసీలో రిజిస్టరైనవి మాత్రమే కనపడతాయి. రిజిస్టర్ కాని వీలునామా, నోటి మాట మీద జరిగిన అన్నదమ్ముల పంపకం, నోటరీ మీద చేసుకున్న అగ్రిమెంట్, ఆ ఇంట్లో ఎవరు ఉంటున్నారు, కోర్టులో దావా నడుస్తోందా, ఇవేవీ అందులో ఉండవు. పైగా ఆన్‌లైన్‌లో వచ్చేది 1983 నుంచే, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్‌గా వెతికించాలి. సర్వే నంబర్ ఒక అంకె తప్పు కొట్టినా నిల్ వస్తుంది, ఇది మాత్రం గుర్తుంచుకోండి, నిల్ అంటే ఏమీ లేదని కాదు, మీరు అడిగినదానికి ఏమీ దొరకలేదని.

లింక్ డాక్యుమెంట్లు, అంటే ఇంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు, అన్నీ తెచ్చుకుని వరసగా పెట్టి షెడ్యూల్ (హద్దులు, విస్తీర్ణం రాసే భాగం) ఒక్కటే చదవండి, మిగతాది లాయర్ చూసుకుంటారు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు ఒక కాగితం మీద రాసుకోండి. పాత దస్తావేజులో పడమరకి "20 అడుగుల బాట" అని ఉండి, తర్వాతదాంట్లో అదే పడమరకి ఎవరిదో పేరు ఉంటే, ఆ బాట ఏమైందో అడగాలి. విస్తీర్ణం ఒకదాంట్లో 240 గజాలు, ఇంకోదాంట్లో 267 గజాలు ఉంటే ఆ 27 గజాలు ఎక్కడ్నుంచి వచ్చాయో కూడా అడగాలి, సాధారణంగా రోడ్డులోంచే వస్తాయి.

వారసత్వపు ఆస్తి అయితే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూసి, ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా లేదా చూడండి. మన ఉమ్మడి రాష్ట్రంలో హిందూ కుటుంబాల్లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి పూర్వీకుల ఆస్తిలో హక్కు 1985 నుంచే ఉంది, దేశమంతటికీ వచ్చింది 2005లో. "మా అక్కకి పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశాం సార్, ఆవిడ ఏమీ అనదు" అంటే నవ్వి, ఆవిడ ఏమీ అనకపోతే సంతకం కూడా పెడుతుంది కదా అనండి. ఇక జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతానంటే, జీపీఏతో హక్కు బదిలీ అవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది, ఆ జీపీఏ ఇచ్చిన మనిషి బతికున్నాడో లేదో, దాన్ని రద్దు చేశాడో లేదో ముందు తేల్చుకోండి.

ప్రశ్న: నిజాంపేట వైపు ఇండిపెండెంట్ ఇల్లు చూశాం, మున్సిపల్ పర్మిషన్ ఉంది, బ్యాంకు కూడా లోన్ ఇస్తానంది. కానీ దగ్గర్లో చెరువుంది. పర్మిషన్ ఉంటే భయం లేదు కదా? – మెడికల్ రెప్, హైదరాబాద్

జవాబు: భయం ఉంది. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా పెట్టాక చూశాం కదా, పర్మిషన్ కాగితాలు చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్లని. చెరువు 25 ఎకరాలు, ఆ పైన అయితే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు ఏమీ కట్టకూడని బఫర్, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. ఇది ఎండాకాలం నీళ్లు ఉన్నచోటు నుంచి కాదు, నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడ్నుంచి. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులున్నాయి, మీ సర్వే నంబర్ దాంట్లో వెతకండి, అనుమానంగా ఉంటే ఇరిగేషన్ ఆఫీసులో ఎన్ఓసీ అడగమని ఓనర్‌కే చెప్పండి. వానాకాలంలో ఒకసారి వెళ్లి అదే వీధిలో పాత కిరాణా కొట్టాయన్ని పలకరించండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

ప్రశ్న: అన్నా, మేం డాలస్‌లో ఉంటాం, గ్రీన్ కార్డ్ వచ్చింది, ఇండియన్ పాస్‌పోర్టే. చేవెళ్ల దగ్గర రెండెకరాలు నా పేరు మీద కొనొచ్చా? కుదరకపోతే తమ్ముడి పేరు మీద పెడదామనుకుంటున్నా. – ప్రవాస పాఠకుడు

జవాబు: నీ పేరు మీద కుదరదు తమ్ముడూ. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) రూల్స్ ప్రకారం ఎన్ఆర్ఐ అయినా ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయ మూలాలవాళ్లు) అయినా పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇల్లు, ఫ్లాట్, షాపు, పొలం నుంచి వ్యవసాయేతర భూమిగా కన్వర్షన్ అయిన లేఅవుట్‌లో ప్లాట్ కొనుక్కోవచ్చు, డబ్బు ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అకౌంట్ నుంచి గానీ బ్యాంకు ద్వారా పంపింది గానీ అయ్యుండాలి. పొలం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.

తమ్ముడి పేరు మీద అన్నావే, అది ఇంకా పెద్ద గొడవ. డబ్బు నీది, పేరు అతనిది అంటే బినామీ చట్టం కిందకి వస్తుంది. తోబుట్టువులకి మినహాయింపు ఉంది గానీ ఇద్దరి పేర్లూ డాక్యుమెంట్లో ఉంటేనే, మరి నీ పేరు పెట్టడానికేమో ఫెమా ఒప్పుకోదు. నాన్నకి నిజంగానే గిఫ్ట్‌గా పంపి ఆయన కొనుక్కుంటే అది ఆయన పొలం, రేపు ఆయన తర్వాత చెల్లెలికీ తమ్ముడికీ కూడా వాటా ఉంటుంది, అప్పుడు "డబ్బు నేను పంపాను" అంటే ఎవరూ వినరు. అది ఇష్టమైతేనే పంపు.

ఏదైనా కొన్నా అమ్మినా ఇక్కడ ఎవరికైనా పవర్ ఇవ్వాల్సొస్తుంది. అక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏం చెయ్యొచ్చో స్పష్టంగా రాసివ్వు, "నా ఆస్తులన్నీ" అని మాత్రం రాయొద్దు, ఆ ఒక్క ఫ్లాట్, ఆ ఒక్క పని. ఎంత దగ్గరివాళ్లైనా సరే.

ప్రశ్న: 2018లో తుళ్లూరు దగ్గర ప్లాట్ కొన్నాను, మధ్యలో నరకం చూశాను, ఇప్పుడు రేట్లు లేచాయి. రెండేళ్లలో డబుల్ అంటున్నారు, షాపు తాకట్టు పెట్టి ఇంకోటి తీసుకుందామా? – బట్టల వ్యాపారి, విజయవాడ

జవాబు: షాపు జోలికి వెళ్లకండి. 2015 అక్టోబర్‌లో అమరావతి రాజధానికి శంకుస్థాపన, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట, 2022 మార్చిలో హైకోర్టు తీర్పు, 2024 జూన్‌లో ప్రభుత్వం మారడం, 2025 మే 2న పనులు మళ్లీ మొదలవడం, ఇదంతా పదేళ్ల కథ. రైతులు ఇచ్చిన సుమారు 34 వేల ఎకరాల మీద ఈ పదేళ్లలో ఎన్నిసార్లు రేటు మారిందో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రతిసారీ మారింది మట్టి వల్ల కాదు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఢిల్లీలోనో జరిగిన నిర్ణయం వల్ల. అలాంటిచోట డబ్బు పెట్టకూడదని నేననను, మీకున్నదాంట్లో మూడో వంతు మించి పెట్టొద్దంటాను, అది కూడా అప్పు లేని డబ్బు. మీ షాపు మీకు నెలనెలా అన్నం పెడుతోంది, ఆ ప్లాట్ ఇప్పటిదాకా ఒక్క రూపాయి ఇచ్చిందా?

ఉన్న ప్లాట్ పెట్టిన డబ్బుకి రెట్టింపు పైన పలుకుతుంటే, అమ్మేసి షాపు అప్పులేమైనా ఉంటే తీర్చడం కూడా ఇన్వెస్ట్‌మెంటే. ఉంచుకుంటానంటే అది సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవ్డ్ లేఅవుటేనా, లేఅవుట్‌లోని రోడ్డు అసలు రోడ్డుకి కలిసిందా చూసుకోండి. ఊరు మొత్తం పెరిగినా దారి లేని ప్లాట్ పెరగదు.

ప్రశ్న: రిటైర్మెంట్ డబ్బు ఉంది. జహీరాబాద్ వైపు 5 గుంటల ఫామ్ ప్లాట్, ఎర్రచందనం మొక్కలు వాళ్లే పెంచుతారట, 15 ఏళ్లకి కోటి, ఈలోగా నెలకి 2 శాతం రిటర్న్ కూడా. బ్రోచర్ పంపుతున్నాను. – రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

జవాబు: మీరు బ్యాంకులో పనిచేశారు, నెలకి 2 శాతం అంటే ఏడాదికి 24 అని మీకు నేను చెప్పాలా? భూమి నెలనెలా డబ్బు ఇవ్వదు, తర్వాత వచ్చే మెంబర్ల డబ్బే మీకిస్తారు. అందరి డబ్బూ పోగేసి వాళ్లే నడిపి లాభం పంచుతామంటే దానికి సెబీ రిజిస్ట్రేషన్ కావాలి, ఆ నంబర్ అడగండి, తర్వాత వాళ్లు ఫోన్ ఎత్తరు. ఎర్రచందనం నరకాలన్నా తరలించాలన్నా ఫారెస్ట్ పర్మిషన్ కావాలి. 5 గుంటలు అంటే 605 గజాలు, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) లేదు, లేఅవుట్ లేదు, దారి ఎవరి పొలంలోంచో. బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ ఫొటో మాత్రం చాలా బాగుంది.

ప్రశ్న: నా దగ్గర మూడు లక్షలే ఉన్నాయి, కుట్టు పని మీద దాచుకున్నవి. దీంతో రియల్ ఎస్టేట్‌లో ఏమైనా చెయ్యొచ్చా అండీ? – గృహిణి, గుంటూరు

జవాబు: చెయ్యొచ్చమ్మా, కానీ ప్లాట్ కాదు. మూడు లక్షలకి వచ్చే ప్లాట్ ఎక్కడుంటుందో పైన టీచర్ గారి ఉత్తరం చూశారు కదా. రీట్ అని ఉంటాయి, పెద్ద ఆఫీసు బిల్డింగులు, మాల్స్ అన్నీ ఒక ట్రస్టు కింద పెట్టి యూనిట్లుగా స్టాక్ మార్కెట్లో అమ్ముతారు. ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు, కొన్ని వందల రూపాయలే. ఎంబసీ 2019లో మొదటిది, తర్వాత మైండ్‌స్పేస్, బ్రూక్‌ఫీల్డ్, నెక్సస్ వచ్చాయి, మైండ్‌స్పేస్‌లో మన మాదాపూర్ బిల్డింగులు కూడా ఉన్నాయి. ఖర్చులు పోను పంచడానికి మిగిలిన డబ్బులో 90 శాతం యూనిట్లు ఉన్నవాళ్లకి పంచాల్సిందే. రేటు షేర్లలాగా పైకీ కిందకీ పోతుంటుంది, గ్యారంటీ ఏమీ లేదు. ఒక లక్షతో మొదలెట్టి, మిగతా రెండూ బ్యాంకులో ఉంచండి. డీమ్యాట్ అకౌంట్ మీ పేరు మీదే తెరవండి, మీ అబ్బాయి పేరు మీద కాదు.

ప్రశ్న: డిగ్రీ అయ్యింది, ఉద్యోగం వద్దు, ఫుల్‌టైమ్ రియల్ ఎస్టేట్ ఇన్వెస్టర్ అవ్వాలనుంది. డబ్బులేం లేవు. ఎక్కడ మొదలెట్టాలి సార్? – నిరుద్యోగి, నెల్లూరు

జవాబు: డబ్బు లేకుండా ఇన్వెస్టర్ అవ్వడం కుదరదు గానీ, డబ్బు వచ్చేలోగా పని నేర్చుకోవచ్చు. ఆన్‌లైన్ కోర్సులకి కట్టొద్దు. మీ ఊళ్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా దస్తావేజు లేఖరులు ఉంటారు, ఎవరైనా పెద్దాయన దగ్గర ఓ ఏడాది పనికి చేరండి, జీతం తక్కువే ఇస్తారు. రోజూ పదిమంది డాక్యుమెంట్లు చేతిలో పడతాయి, అడంగల్, 1బీ లాంటి భూమి రికార్డులు ఎలా చదవాలో, 22ఏ అనే రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో సర్వే నంబర్ ఎలా వెతకాలో, మార్కెట్ వాల్యూ ఎలా వేస్తారో, బేరం ఏ మాట దగ్గర చెడుతుందో అన్నీ అక్కడే తెలుస్తాయి. ఎవరు నిజంగా కొంటున్నారో, ఎవరు ఊరికే తిరుగుతున్నారో కూడా.

తర్వాత రీసేల్ ప్లాట్లు, ఇళ్లు చూపించి కమిషన్ మీద చెయ్యొచ్చు. రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మాలంటే ఏజెంట్‌గా మీకు కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది తీసుకోకుండా ఎవరి బ్రోచర్లూ పంచొద్దు. కమిషన్ ఒప్పుకున్నది ముందే ఒక మెసేజ్‌లో రాయించుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక అడిగితే ఎవరూ గుర్తుపట్టరు.